ముప్పై రెండు అంగుళాల బేసిన్

మా బాత్రూములో వాష్‌బేసిన్‌ను ఏడు అంగుళాలు కిందికి బిగించారు. ముప్పై రెండు అంగుళాల ఎత్తు అని కాగితం మీద రాసిచ్చాను, నోటితో చెప్పాను, మర్నాడు మళ్ళీ చెప్పాను. ఇరవై ఐదు దగ్గర బిగించారు. నడుము వంచకూడని మనిషి కోసం చేయించిన పని అది. జరిగిన అన్యాయం ఇదీ. ఇక మిగతాది చెబుతాను.

ఆ రోజుల్లో వాష్‌బేసిన్ అంటే మాబోటివాళ్ళు దూరం నుంచి చూసే వస్తువు. నేను పదిహేడో ఏట నారాయణగూడలో ఒక అచ్చాఫీసులో పనికి కుదిరాను. (ఏడో తరగతితో బడి వదిలేశాను. ఆ తర్వాత చదివిందంతా చిక్కడపల్లి లైబ్రరీలో, ఒకరు చెప్పకుండా, ఒకరిని అడక్కుండా. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.) సాయంత్రం పని దిగేటప్పుడు చేతులకు అంటిన సిరాను మేమంతా కిరసనాయిలుతో, రంపపు పొట్టుతో రుద్దుకుని, వెనక ఉన్న సిమెంటు తొట్టి దగ్గర కడుక్కునేవాళ్ళం. ఓనరు గారి గదిలో మాత్రం ఒక తెల్లటి బేసిన్, దాని పైన అద్దం, పక్కన వాసన సబ్బు. ఒకనాడు ఆయన కోఠీకి కాగితం బేరానికి వెళ్ళిన సమయం చూసి నేను ఆ గదిలోకి దూరాను. సబ్బు మూడుసార్లు రుద్దాను. అద్దంలో నన్ను నేను చూసుకుని, వేళ్ళతో జుట్టు పైకి దువ్వుకుని, దర్జాగా బయటికి వచ్చాను. అచ్చు సిరా సంగతి మీకు తెలియకపోవచ్చు. అది సబ్బుతో పోదు, చోటు మారుతుందంతే. బేసిన్ మీద పది వేళ్ళూ పడ్డాయి, తలుపు మీద ఒక అరచెయ్యి పడింది. ఓనరు గారు తిరిగి వచ్చి అందరినీ వరసగా నిలబెట్టారు. విచారణ ఏమీ జరగలేదు. నా నుదుటి మీద నాలుగు నల్లటి గీతలు చూసి, "అద్దం ముంగట నిలబడ్డవు గని బిడ్డా, చూస్కోలే" అన్నారు.

వారం రోజులు ఆ బేసిన్ కడగడం నా శిక్ష. ఆ వారంలో నేను బేసిన్ల గురించి నేర్చుకున్నంత ఇంకెవరూ నేర్చుకుని ఉండరు. ఏ వంపులో నీళ్ళు నిలుస్తాయి, ఏ అంచు కింద మురికి చేరుతుంది, సబ్బు పెట్టే గుంట ఎందుకు శుద్ధ దండగ, అన్నీ తెలిశాయి. ఎప్పటికైనా నా ఇంట్లో, నేను ఎంచిన బేసిన్ ముందు నిటారుగా నిలబడి మొహం కడుక్కుంటానని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. తర్వాత అదే అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనికి ఎదిగాను, ముప్పై ఎనిమిదేళ్ళు ఎర్ర పెన్సిలు పట్టాను, అయిదు కిరాయి ఇళ్ళు మారి చివరికి అశోక్‌నగర్‌లో ఈ ఫ్లాటు కొనుక్కున్నాను. బిల్డరు ఇచ్చిన బేసిన్ దోసిలంత ఉండేది, అదీ హాల్లో ఒక మూల. అది ఎన్నడో పగిలితే తీసేశాం. బాత్రూములో నల్లా కింద బకెట్టు పెట్టుకుని వంగి కానిచ్చుకోవడమే. ఒట్టు అలాగే ఉండిపోయింది.

నిరుడు మా ఆవిడకు నడుము పట్టేసింది. హైదర్‌గూడ డాక్టరు ఫోటోలు తీయించి, వాటిని వెలుతురుకు పెట్టి చూసి, ఇక ఈమె వంగకూడదని ఖండితంగా చెప్పాడు. ఊడ్వకూడదు, బకెట్టు ఎత్తకూడదు, నల్లా కింద మొహం పెట్టకూడదు. మర్నాడు పొద్దున బాత్రూములోంచి ఒక మూలుగు వినిపించింది. పళ్ళు తోముకుని పుక్కిలించడానికి వంగిందట, మళ్ళీ లేవలేకపోయింది. నేను వెళ్ళి లేపాను. ఆ పూటే నోట్‌బుక్ తీసి మొదటి పేజీ పైన "బేసిన్" అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద శానిటరీ షాపు కుర్ర యజమాని నన్ను ఎరుగును. (మా పేటలో నన్ను కరెక్షన్ సార్ అంటారు. వెక్కిరింపని తెలుసు. షాపుల బోర్డుల్లో తప్పులుంటే లోపలికి వెళ్ళి చెబుతాను, అందుకని.) అతను నాకు మొదట చూపించింది బండ మీద బోర్లించకుండా పెట్టిన పెద్ద గిన్నె లాంటిది. ఇప్పుడంతా ఇదే ఫ్యాషనన్నాడు. గిన్నెను బండ మీద పెడితే దాని వెనక సందులో చెయ్యి పట్టదని, అక్కడ చేరే మురికిని ఎవరు తీస్తారని అడిగాను. పనిమనిషి తీస్తుందన్నాడు. మా ఇంట్లో పనిమనిషి నేనేనన్నాను. రెండోది గాజుది. మూడోది ఆకు ఆకారంలో ఉంది. బేసిన్‌కు ఆకు ఆకారం ఎందుకయ్యా, భోజనం వడ్డిస్తామా అన్నాను. వెంట తెచ్చుకున్న సీసాలోంచి ఒక్కో బేసిన్‌లో నీళ్ళు పోసి, ఎక్కడ నిలుస్తున్నాయో వేలుతో తడిమి చూడటం మొదలుపెట్టాను. షాపులో మిగతా గిరాకీలు బేరాలు ఆపి నా వెనక చేరారు. ఒకావిడ, "అన్నా, నాది కూడ జర చూసి పెట్టుండ్రి" అంది. ఆమెకూ చూసిపెట్టాను. నాలుగో రోజుకు కుదిరింది. బండ కిందికి దిగే రకం, కోలగా, తెల్లగా, సబ్బు గుంట లేకుండా. పైన తుడిస్తే మురికి తిన్నగా బేసిన్‌లోకి పోవాలి. అలాగే పోతుంది.

బండ దగ్గర ఇంకా కష్టమైంది. నారాయణగూడ వెనక సందులో రాళ్ళ దుకాణం ఉంది. తెల్లది బాగుంటుందని మా ఆవిడ అంది, నల్లది బాగుంటుందని దుకాణదారు అన్నాడు. నేను ఇద్దరి మాటా వినలేదు. ఆరు రకాల ముక్కలు తెచ్చి బాల్కనీలో వరసగా పేర్చి, ఒక్కోదాని మీద పసుపు, కుంకుమ, కొబ్బరినూనె, నిమ్మరసం, కాఫీ చుక్కలు వేసి, పేర్లు రాసి, రెండు రోజులు ఎండనిచ్చాను. తెల్లరాయి పసుపును తాగేసింది. బూడిదరంగుది నూనెను పట్టేసుకుంది. నల్లది దేన్నీ పట్టుకోలేదు గానీ, నీటి చుక్క ఎండితే తెల్లగా మచ్చ కనబడింది. ముదురు గోధుమ రంగులో చిన్న చిన్న చుక్కలున్న ముక్క ఒక్కటే అన్ని పరీక్షలూ పాసయింది. మా ఆవిడ ఆ వరసను చూసి, "పోచమ్మకు బోనం పెట్టినట్టుంది" అని లోపలికి వెళ్ళిపోయింది. ఇరుగుపొరుగువాళ్ళు కూడా అదే అనుకున్నారని తర్వాత తెలిసింది.

ఎత్తు విషయంలో నేను ఎవరికీ అవకాశం ఇవ్వలేదు. మా ఆవిడను గోడకు ఆనించి నిలబెట్టి, మోచెయ్యి వంచమని, మొహం కడుక్కుంటున్నట్టు చేతులు పెట్టమని, టేపు పట్టి కొలిచాను. ముప్పై రెండు. మళ్ళీ కొలిచాను. ముప్పై రెండే. వంగకుండా నీళ్ళు అందాలి, చేతుల్లోంచి నీళ్ళు మోచేతులకు కారకూడదు, నిలబడ్డప్పుడు బండ మీద రెండు చేతులూ ఆనించి బలం తీసుకోవాలి. ఆమె ఓపిగ్గా నిలబడింది. "బట్టలు కుట్టిస్తున్నరా ఏంది" అని మాత్రం అంది.

మేస్త్రి పాలమూరు జిల్లా మనిషి. మా బిల్డింగులో నాలుగు ఫ్లాట్ల పని చేసినవాడు, నెమ్మదస్తుడు, మాట తక్కువ. పాత నేల తవ్వించాడు, పైపులు మార్పించాడు. పని జరిగినన్ని రోజులూ నేను కుర్చీ వేసుకుని తలుపు దగ్గరే కూర్చున్నాను. కుదరని చోట చెప్పాను. కుదిరిన చోట కూడా చెప్పాను. అతను ప్రతిదానికీ "గట్లనే సార్" అనేవాడు. చివరి రెండు రోజులు మాత్రం మా ఆవిడను నడుము వ్యాయామాలకు తీసుకెళ్ళాల్సి వచ్చి నేను ఇంట్లో లేను. ఆ రెండు రోజుల్లోనే నేల మీద టైల్స్ పడ్డాయి, బండ ఎక్కింది, బేసిన్ దిగింది. మేస్త్రి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, నాట్ల కోసం ఊరికి వెళ్ళిపోయాడు.

తలుపు తీసి చూస్తే, అందమైన గోధుమ రంగు బండ, మచ్చలేని తెల్లటి బేసిన్, రెండూ నా తొడల దగ్గర. టేపు పెట్టాను. ఇరవై ఐదు. టేపు తప్పేమోనని పక్కింటి టేపు తెచ్చి పెట్టాను. ఇరవై ఐదే. మా ఆవిడ వచ్చి, దాని ముందు నిలబడి, నల్లా తిప్పి, వంగబోయి ఆగిపోయింది. తర్వాత, "ఇన్నొద్దులు బకెట్ కాడ వంగిన. ఇప్పుడు గ్రానైట్ కాడ వంగాలె, గంతే గదా" అంది. కోపంగా అంటే బాగుండేది. మామూలుగా అంది. పక్కింటివాళ్ళ నాలుగేళ్ళ మనవరాలు మాత్రం రోజూ వచ్చి హాయిగా చేతులు కడుక్కుని పోయేది. ఆ పిల్లకు అతికినట్టు సరిపోయింది.

నేను ఊరుకునే రకాన్ని కాదు. ముందు శానిటరీ షాపు మీదికి వెళ్ళాను, బేసిన్ లోతు తప్పు చెప్పి ఉంటాడని. అతను కేటలాగు తిప్పి చూపించి, "అంకుల్, బేసిన్ దానంతటది కిందికి దిగదు" అన్నాడు. రాళ్ళ దుకాణదారు బండ మందం మాత్రమే తన పూచీ అన్నాడు. అంటే మేస్త్రే. ఫోను చేస్తే కలవదు, కలిస్తే ఎత్తడు, పొలంలో ఉన్నాడట. వాట్సాప్‌లో ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. మొదటిది మర్యాదగా రాశాను. రెండోదాంట్లో వృత్తిధర్మం గురించి రాశాను. మూడోదాంట్లో, చదువు లేకపోవడం తప్పు కాదనీ, చదువుకున్నవాడు రాసిచ్చిన అంకెను చూడకపోవడం తప్పనీ రాశాను. (నాదీ ఏడో తరగతేనని ఆ క్షణంలో గుర్తు రాలేదు.) నాలుగోదాన్ని పేరాలుగా విడగొట్టి, నంబర్లు వేసి, అతను చేసిన తప్పులను వివరించాను. మా ఆవిడ ఇవన్నీ చదివించుకుని విన్నది. ఆ మూడో ఉత్తరం పంపకపోతే బాగుండునని ఒక్కమాట అంది. అప్పటికే పంపేశాను.

ఆరు వారాలు అలా గడిచాయి. ఆమె ఒక ఎత్తు స్టూలు మీద ప్లాస్టిక్ టబ్బు పెట్టుకుని మొహం కడుక్కునేది. ఆ టబ్బు నింపడం, పారబోయడం నా పని. బేసిన్ మీద తువాలు ఆరేసుకునేవాళ్ళం. అయిదో ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను, వినియోగదారుల కోర్టు మాట అందులోనే తెచ్చాను. ఇప్పుడు అప్పటి నేను తలపుకొస్తే, చేతిలో టబ్బు పట్టుకుని, నోట్లో రాబోయే వాక్యాన్ని నములుతూ నడిచే ఆ ముసలాయన తలపుకొస్తే, పక్కన కూర్చోబెట్టుకుని, కాసిని మంచినీళ్ళు తాగించి, ఎందుకయ్యా ఇంత ఆవేశం అని అడగాలనిపిస్తుంది. అయితే ఆయన వినడని కూడా నాకు తెలుసు.

అయిదో ఉత్తరం పంపే రోజు పొద్దున్నే మేస్త్రి దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చింది. టైల్స్ పడక ముందు మా బాత్రూము గోడ. అందులో నీలం రంగు పొడి అద్దిన దారంతో కొట్టిన ఒక అడ్డగీత. దాని మీద ఎర్ర పెన్సిలుతో కొట్టివేత. దానికి ఏడు అంగుళాల కింద, స్కేలు పెట్టి గీసినట్టు మరో గీత. పక్కన, ముప్పై ఎనిమిదేళ్ళు ప్రతి ప్రూఫు కిందా రాసిన నా గుండ్రటి చేతిరాతలో "సవరించడమైనది" అన్న మాట, తేదీ, సంతకం. ఎప్పుడు గీశానో నాకు జ్ఞాపకం లేదు. ఇంత జ్ఞాపకశక్తి ఉన్నవాడిని, నిజంగానే జ్ఞాపకం లేదు. మా ఆవిడను పిలిచాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసింది, సంతకం దగ్గర వేలు పెట్టింది. ఇంతలో ఫోటో వెనకే అతని గొంతు వచ్చింది. ఇద్దరం విన్నాం.

"సార్, నమస్తే. నా బిడ్డ మీ కాయితాలన్నీ సదివి ఇనిపిచ్చింది. ఊకె ఫోన్ల జెప్తె మీకు బాధైతదని ఇన్ని దినాలు జెప్పలే. నేను కొట్టిన గీత బండ ఎత్తు గాదు సార్, అది లెవెల్ గీత. మాలు, టైల్స్ పడి నేల మూడు అంగుళాలు లేచినంక దాని కింద నాలుగు అంగుళాలకు బండ వస్తది. అప్పుడు మీకు ముప్పై రెండు సరిగ్గ వస్తుండె. మీరు టైల్స్ లేని నేల మీదికెల్లి టేపు పెట్టి, నా గీత తప్పని కొట్టేసి, కిందికి ఇంకోటి గీసిన్రు. నేను మీ గీతకెల్లి నాలుగు అంగుళాలు దిగిన. నాకు గూడ అనుమానమొచ్చింది, గని సదువుకున్న పెద్దమనిషి దస్కతు బెట్టిండు, అమ్మకు నడుం బాగలేదు, కూసోని మొకం కడుక్కుంటదేమో అనుకున్న. నాట్లు అయిపోయినయి. ఐతారం వస్త, బండ పైకి లేపుత. అమ్మను ఒక్కసారి నా ముంగట నిలబడమనుండ్రి, ఈసారి నేను కొలుస్త. మీ పెన్సిలు మాత్రం జర లోపల పెట్టుండ్రి సార్."