బావగారి తేలిక ప్రశ్నలు

పగ మనసుకు విషమని చెప్పేవాళ్లకు ఆమె బావలాంటి బావ ఉండి ఉండడు. కాలేజీలో ఒకసారి లెక్కల పరీక్ష తప్పిన పాపానికి, అక్క మొగుడైన ఆయన ఆమెకు ‘సున్నా’ అని పేరు పెట్టాడు. ఇంట్లో అదే ఖాయమైపోయింది. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టుగా చేరినప్పుడు, “నోళ్లు తెరిపించే ఉద్యోగం! మన సున్నా బుర్రకు అతికినట్టు సరిపోయింది” అని చుట్టాలందరినీ నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది. కానీ మరిచిపోలేదు.

బావ బిజినెస్ స్కూలు ప్రవేశ పరీక్షకు ఫీజు కట్టాడని తెలిసిన రోజే ఆమె కూడా కట్టింది. సీటొస్తే మంచిదే. అసలు కావలసింది మాత్రం ఆయనకన్నా ఎక్కువ స్కోరు, అదీ ఆ చుట్టాలందరి ముందు.

లోపల డ్రిల్లు గుర్రుమంటుంటే కౌంటరు వెనక కూర్చుని నమూనా పరీక్షలు రాసింది. మొదట్లో ఏడుపొచ్చేది. పోనుపోనూ ప్రశ్నలు మొండికేసేవి. తన వల్ల కాదనుకుంది. స్కోరు ఎలా వేస్తారో చదివాక గానీ అసలు సంగతి బోధపడలేదు. జవాబు ఒప్పయితే కంప్యూటరు ఇంకా కష్టమైన ప్రశ్న ఇస్తుంది, తప్పయితే తేలికైనది. పెద్ద స్కోరు కష్టమైనవాటితోనే వస్తుంది. అంటే చెమటలు పట్టడమే శుభసూచకం! చివర్లో ఖాళీలు వదిలితే గట్టి కోత పడుతుందని గడియారంతో కుస్తీ పట్టడం కూడా నేర్చుకుంది.

బావ నమూనాల జోలికే పోలేదు. “అవి భయస్తులకే, సున్నా. నాకెందుకు?”

ఇద్దరి పరీక్షా ఒకే రోజు పడింది. ఆమె వాడిపోయిన ముఖంతో బయటికొచ్చింది. బావ ఈల వేస్తూ వచ్చాడు.

“ఏంటి సున్నా, ముఖం వేలాడేశావ్?”

“చివరిదాకా చంపేశాయి బావా.”

“నాకైతే రానురానూ పసిపిల్లల లెక్కలే! నిద్రలో చేసేసినట్టు చేసేశా.”

బుద్ధిమంతురాలైతే అప్పుడే చెప్పేసేది. ఆమె పెదవి కొరుక్కుంది.

“అయితే ఫలితాల రోజు అందరినీ భోజనానికి పిలవండి బావా. టీవీలో పెట్టి చూద్దాం.”

“నీది కూడానా?”

“పెట్టండి. నవ్వుకోవడానికి ఉంటుంది.”

పిన్నులు, బాబాయిలు, చివరికి బావగారి ఆఫీసు పెద్ద కూడా వచ్చి కూర్చున్నారు. “ముందు కామెడీ,” అంటూ బావ ఆమెది తెరిచాడు. పరీక్ష రాసినవాళ్లలో నూటికి తొంభైమూడు మంది ఆమె వెనకే ఉన్నారు. తర్వాత తనది తెరిచాడు. ఆయన వెనక నూటికి ముప్పై మంది కూడా లేరు.

“ఇదేదో పొరపాటు! నాకు చివర్లో అన్నీ తేలికైనవే వచ్చాయి!”

“అందుకే బావా,” అని ఆమె స్కోరు వేసే లెక్కంతా అందరికీ వినబడేలా, పసిపిల్లాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. ముందుగా ఫక్కున నవ్వింది అక్కే.

“తెలిసినదానివి ఆ రోజే చెప్పొచ్చుగా!” అన్నాడు బావ.

“నోళ్లు తెరిపించడమే వచ్చు కదా బావా నాకు. మూయించడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా.”

ఆమెకు జాలేసి ఉంటుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ పూట రెండోసారి కూడా వడ్డించుకుని తింది. తినడం అయ్యేదాకా ఎవరినీ టీవీ ఆపనివ్వలేదు.