ఈద్గాలో అబ్బా సజ్దా నుంచి లేవని రంజాన్

నేను ఇంకా గౌను వేసుకుని తిరిగే రోజులు... జహీరాబాద్‌లో మా ఇంటి ముందు రంజాన్ పండగ ముందురోజు లారీ ఆగిన చప్పుడు వినబడితేనే మాకు పండగ. మా అబ్బా లారీ డ్రైవరు. నాసిక్ వైపు నుంచి ఉల్లిగడ్డల లోడు తెచ్చేవాడు.

ఆ సంవత్సరం నెలవంక కనబడినా అబ్బా రాలేదు. అమ్మీ నా చేతులకు మెహందీ పెడుతూనే వాకిలి వైపు చూసింది. దాదీ తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది...

తెల్లవారాక వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండు రాత్రులుగా నిద్ర లేదట. దారిలో టైరు పోయిందట. లోడు దించేదాకా సేఠ్ వదల్లేదట. గడప మీద కూర్చుని చెప్పులు విప్పడానికి కూడా కాసేపు ఆగాడు.

"జర సేపు పండుకో," అంది అమ్మీ. "మసీదుల ఇంకో జమాత్ నమాజ్ ఉంటది. గప్పుడు పోవచ్చు."

"బిడ్డకు మాట ఇచ్చిన. ఈద్గాకే పోతం," అన్నాడు అబ్బా.

డ్రమ్ములో నీళ్లు తోడుకుని స్నానం చేశాడు. ఇస్త్రీ కుర్తా వేసుకుని, అత్తరు అద్దిన దూది చెవిలో పెట్టుకున్నాడు. ఇద్దరం ఖర్జూరాలు తిని బయలుదేరాం. పేదలకిచ్చే ఫిత్రా ఇంట్లోవాళ్లు ముందే ఇచ్చేశారు కాబట్టి దారిలో ఎక్కడా ఆగలేదు. మెల్లగా అల్లాహు అక్బర్ అని తక్బీర్ చదువుకుంటూ నడిచాం...

దారిలోనే నాకు రెండు రకాతుల, అంటే రెండు విడతల, పండగ నమాజు నేర్పాడు.

"ఇయ్యాల అజాన్ ఉండదు బేటా. రోజటి లెక్క కాదు. ఇమామ్ సాబ్ అల్లాహు అక్బర్ అనంగనే చేతులు కట్టుకో. తర్వాత మళ్ల చెవులదాక లేపు, ఇడిసిపెట్టు. ఇంకోపారి లేపు, ఇడిసిపెట్టు. మూడోదానికి కట్టుకో."

"రెండో రకాతుల?"

"అండ్ల సూరా చదివినంకనే చేతులు లేపుడు. మూడుసార్లు లేపి ఇడుసుడే, కట్టుడు లేదు. ఆ తర్వాత అల్లాహు అక్బర్ అంటే రుకూకు వంగాలె. తప్పితే ఫికర్ చెయ్యకు. నన్ను చూడు."

నన్ను చూడు అన్నాడు కదా... నేను అదే పట్టుకున్నాను.

ఈద్గా మైదానం నిండిపోయింది. ఒక వరస చివర జానమాజ్ పరిచాడు అబ్బా. నేను పక్కన నిలబడ్డాను. అబ్బాకు అటు పక్క మాకు తెలిసిన దర్జీ ఖాజా చాచా. మొదటి రకాతు అబ్బాను చూస్తూ సరిగ్గానే చేశాను. లేపాను, వదిలాను. లేపాను, వదిలాను. కట్టుకున్నాను. రుకూ అయింది. సజ్దా అయింది.

రెండో సజ్దా నుంచి అందరూ లేచారు... అబ్బా లేవలేదు.

మైదానమంతా నిలబడి ఉంది. మా వరసలో ఒక్క అబ్బా మాత్రం నుదురు నేలకు ఆనించి అలాగే ఉన్నాడు. నమాజులో మాట్లాడకూడదు. పక్కకు చూడకూడదు. ఖాజా చాచా కళ్లు కిందికి వాలి ఉన్నాయి. ఇమామ్ సాబ్ చదువుతూనే ఉన్నారు. మా వీధిలో ఒక తాత సజ్దాలోనే ప్రాణం వదిలాడని, అదృష్టవంతుడని దాదీ చెబుతుండేది. అది గుర్తొచ్చింది.

నేను నమాజు వదిలేసి కూర్చున్నాను. అబ్బా వీపు మీద చెవి పెట్టాను.

సన్నగా గురక...

ఏడుపు వచ్చింది నాకు. లేపుదామని భుజం మీద చెయ్యి వేశాను. ఎందుకో లేపబుద్ధి కాలేదు. చెయ్యి అలాగే ఉంచాను.

తక్బీర్లు వినబడ్డాయి. చెవులదాకా చేతులు లేచాయి, దిగాయి. అందరూ వంగారు. తర్వాత మైదానమంతా సజ్దాలోకి వచ్చింది. ఆ కాసేపు మా అబ్బాకూ మిగతావాళ్లకూ తేడా లేదు.

సలాంతో నమాజు ముగిశాక ఖాజా చాచా మెల్లగా తట్టాడు. "భాయ్... లే భాయ్."

అబ్బా ఉలిక్కిపడి లేచాడు. చుట్టూ చూశాడు. సంగతి అర్థమయ్యాక ముఖం వాడిపోయింది. ఖాజా చాచా మిగిలిన రకాతు చదువుకోమని సైగ చేస్తే, అక్కడే లేచి చేతులు కట్టుకున్నాడు. అది పూర్తి చేసి ఇమామ్ సాబ్ ఖుత్బా ప్రసంగం అయ్యేదాకా తల దించుకుని కూర్చున్నాడు.

జనం పలచబడ్డాక ఇమామ్ సాబ్ దగ్గరికి వెళ్లాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

"హజ్రత్, సజ్దాల నిద్ర పట్టింది. మిగిలింది తర్వాత చదివిన. నా నమాజ్ అయినట్టేనా?"

ఇమామ్ సాబ్ అబ్బా కళ్లలోకి చూశారు. "ఎక్కడికెళ్లి వస్తున్నవ్?"

"నాసిక్‌కెళ్లి."

"అయింది తియ్యి. నిద్ర పట్టినా సజ్దాలనే ఉంటివి కదా. ఇంటికి పోయి పండుకో."

ఆయనే ముందుకు వచ్చి అబ్బాను ఆలింగనం చేసుకున్నారు. ఒక భుజం, మరో భుజం, మళ్లీ మొదటి భుజం... అబ్బా ఆ భుజం మీద కాస్త ఎక్కువసేపే తల ఆనించాడు.

వచ్చిన దారిన కాక వేరే దారిలో ఇంటికి నడిచాం. అదీ పండగ సున్నతే, ప్రవక్త పాటించిన ఆచారం. మా వీధి మొదట్లో అబ్బా, "భయపడ్డవా?" అన్నాడు. తల ఊపాను. నన్ను ఎత్తుకున్నాడు. అంత అలసటలోనూ.

మరుసటి రంజాన్‌కు అమ్మీ, "పెద్దదానివైనవ్, ఇంక ఇంట్ల దాదీతోటి చదువుకో," అంది. అబ్బా ఒక్కడే వెళ్లాడు. జమాత్‌లో అందరితో కలిసి నేను నిలబడింది ఆ ఒక్కసారే. అది కూడా సగం వదిలేశాను...

అబ్బా పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేను నగరంలో ఒక దవాఖానలో నర్సును. పండగ సెలవు అడిగి అడిగి విసుగొచ్చి మానేశాను. ముబారక్‌లన్నీ ఫోన్లోకే వస్తాయి. ఒకే బొమ్మ, ఒకే మాట, ఇరవై మంది నుంచి. ఎవరి భుజమూ తగలదు.

అలసిపోయినా సరే, పండగకు ఇల్లు చేరాలని వచ్చిన మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... వాళ్ల గురించి రెండు మాటలు కింద రాయండి. డ్యూటీ దిగాక బస్సులో చదువుకుంటాను.