కుమారి మూర

బందరు కూరగాయల బజారు మలుపులో కుమారి పద్దెనిమిదేళ్ళుగా మల్లెపూలు అమ్ముతోంది. దండ మొదలు మోచేతికి ఆనించి, నడిమి వేలి చివరిదాకా లాగి తుంచితే మూర. నిరుడు పూలు దొరకని వానల్లో ఐసు ఫ్యాక్టరీ పనికి వెళ్తే, గడ్డలు నలగ్గొట్టే మరలో పడి కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. నడిమి వేలు కూడా అందులోదే.

తిరిగొచ్చి మళ్ళీ బల్ల వేసుకుంది. మొండి వేలి దాకా కొలిచి, ఆపైన బెత్తెడు కలిపి ఇచ్చేది. కలిపిన బెత్తెడు ఒక్కరి కంటికీ ఆనలేదు, లేని వేళ్ళు మాత్రం అందరికీ కనపడ్డాయి. "సరిగ్గా కొలవ్వే," అన్నారు. ఎడమచేత్తో కొలిస్తే, "దేవుడి పూలకి ఎడంచెయ్యేంటమ్మా," అని మొహం మాడ్చుకున్నారు. ఏం జనమో!

రోజూ మూర కొనే ఇందిరాదేవి గారు లెక్కల టీచరుగా రిటైరయ్యారు. కుమారి ఆవిడనే అడిగింది. "మూరంటే ఇంతని మీరు కొలిచిస్తే, ఇంక నన్నెవరూ అనరండీ. ఈ బల్ల తప్ప నాకింకో ఆధారం లేదు."

మర్నాడు ఆవిడ ఒక కర్రా టేపూ తెచ్చారు. "అర గజం. పద్దెనిమిది అంగుళాలు. దీంతో కొలువు."

కుమారికి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ అంతటితో ఊరుకుంటే బాగుండేది. లెక్క సరిచూడందే నిద్రపట్టని మనిషాయె.

"ఏదీ, ఆ రెండో చెయ్యి చాపు," అని టేపు పెట్టారు. పదహారున్నర. "అంటే ఇన్నేళ్ళూ మూరకి అంగుళంన్నర తక్కువిచ్చావన్నమాట," అన్నారు, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు. పక్కన నలుగురు నిలబడి విన్నారు.

సాయంత్రానికి బజారంతా పాకింది. పొట్టి మనిషికి పొట్టి చెయ్యే ఉంటుందని ఎవరికీ తోచలేదు. కర్రతో కొలిచిచ్చినా, "అంగుళంన్నర కుమారి" అని పేరు పెట్టి, ఎదురుగా కొత్తగా బల్ల వేసిన సుమతి దగ్గరికి వెళ్ళారు. ఆ సుమతి కుమారి భుజం దాటదు. నెల తిరక్కుండా కుమారి బల్ల ఎత్తేసింది.

ఒక శుక్రవారం తల్లి ఫొటోకి వెయ్యడానికి సుమతి దగ్గరే మూర అడగాల్సి వచ్చింది. సుమతి ఐదువేళ్ళ చెయ్యి చాపి, లాగి తుంచింది. పదిహేను అంగుళాలు దాటదని కుమారికి కంటితోనే తెలిసింది.

"తగ్గింది సుమతీ," అంది మెల్లిగా.

"మూరంటే ఎంతో నువ్వా చెప్పేది? ముందు నీ చెయ్యి చూసుకో."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళలోనే నిలబడ్డ ఇందిరాదేవి గారు నవ్వలేదు. ఆవిడ సంచిలో టేపు ఉంది, అదీ తియ్యలేదు. తన మూర తను తీసుకుని వెళ్ళిపోయారు.