నా పెన్సిల్ దాటిపోయిన మాట

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి ఫోను చూసుకుంటే, మా సంఘం ఆడవాళ్ళ గ్రూపులో ఎవరో ఒక సిలువ బొమ్మ పంపారు. ఫోటో కాదు, రంగులు వేసినదీ కాదు. ఏటవాలు గీతలూ చుక్కలూ ఇంగ్లీషు అక్షరాలూ వరుసగా పేర్చి కట్టిన సిలువ. అందరూ ఆమెన్ అని రాసి, చేతులు జోడించిన గుర్తు పెట్టి మరొకరికి పంపించేస్తున్నారు. నాకు మాత్రం భక్తి కలగలేదు. రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకున్న మనిషికి, మనవల్ని ఎత్తిన మనిషికి ఈ వయసులో కలగకూడనిదే కలిగింది. దాదాపు ఇరవై ఏళ్ళ కిందటి అసూయ, నిన్న మొన్నటిదైనట్టు, మళ్ళీ వచ్చి కూర్చుంది. నా ఈడువాళ్ళు చదువుతారన్న ధైర్యంతో ఆ సంగతి రాస్తున్నాను.

అనకాపల్లిలో స్టేషన్ రోడ్డు మీద, ఒక మేడ మెట్ల పక్కన మా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మావారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఇన్‌స్టిట్యూట్ మాత్రం పూర్తిగా నాదే. మీలో టైపు నేర్చుకున్నవారికి గుర్తుండే ఉంటుంది, పొద్దున్నే ఆరు గంటల బ్యాచి మొదలైతే వీధంతా వినపడే ఆ చప్పుడూ, రిబ్బను మార్చినప్పుడల్లా వేళ్ళకు అంటుకుని సబ్బుకు లొంగని ఆ నీలం మరకా. టైపు హయ్యర్ పరీక్షకు వెళ్ళే పిల్లలు నా దగ్గరికే వచ్చేవారు. అంతకన్నా ఎక్కువ పేరు నాకు మరో పని వల్ల వచ్చింది. నేను మిషను మీద బొమ్మలు కొట్టేదాన్ని. చీకటి పడాల్సిన చోట ఒక అక్షరం మీద ఇంకో అక్షరం, వెలుతురు కావలసిన చోట ఒట్టి చుక్క, ఆకాశానికి ఏమీ కొట్టకుండా వదిలేసిన ఖాళీ. అలా కొట్టిన మా చర్చి బొమ్మను పాస్టరుగారు అద్దం కట్టించి తన గదిలో పెట్టుకున్నారు. దాని జంట బొమ్మ నా ట్రంకుపెట్టెలో ఉండేది. ఆ బొమ్మ కొట్టడానికి పదకొండు కాగితాలు పాడయ్యాయి, ఎందుకంటే చివరి వరసలో ఒక్క అక్షరం తప్పు పడినా మొత్తం కాగితం చించి మళ్ళీ మొదటినుంచి కొట్టాల్సిందే.

అప్పుడు మా మరిదికి దేవరాపల్లి వైపు సంబంధం కుదిరి, నాకు తోడికోడలు వచ్చింది. వాళ్ళదీ క్రైస్తవ కుటుంబమే, వరీ చెరుకూ పండించుకునేవారు. ఆమె ఇంటర్మీడియెట్ చదివింది, అదీ తెలుగు మీడియంలో. నన్ను నోరారా అక్కా అని పిలిచేది, నా వెనకే తిరిగేది. ఖాళీగా ఉంటుందెందుకని ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్ళి టైపు నేర్పాను. కొన్నాళ్ళకు బొమ్మలు ఎలా కొడతావక్కా అని అడిగితే, అదీ చాలావరకూ చెప్పాను. చాలావరకూ అని ఎందుకన్నానంటే, ఒక్క కిటుకు దాచుకున్నాను. రోలరు లాకు వదులు చేసి కాగితాన్ని అర వరస కిందికి జరిపి కొడితే నీడలు మెత్తగా వస్తాయి. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. వారం తిరక్కుండా తనంతట తనే కనిపెట్టి, అక్కా ఇలా కూడా వత్తాదే అని సంబరంగా కాగితం నా ముందు పెట్టింది. బాగుందని అన్నాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

రెండువేల సంవత్సరం దాటాక మిషన్ల కాలం వెళ్ళిపోయింది. బ్యాచికి ఇరవై మంది వచ్చే చోట ఇద్దరు ముగ్గురు మిగిలారు. మా మరిది బుద్ధిమంతుడు, ముందే గ్రహించి నాలుగు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. దాని కౌంటర్లో కూర్చునే పని మా తోడికోడలిది. కుర్రాళ్ళు పరీక్షల ఫలితాలు చూసుకుని వెళ్ళిపోయాక ఖాళీ కంప్యూటర్ ముందు ఆమె కూర్చునేది. అక్కడే దొరికారు ఆమెకు ఆ మనుషులు. దేశదేశాల్లో అక్షరాలతోనే బొమ్మలు కట్టి, ఒకరికొకరు పంపుకుని, మెచ్చుకుని, తిట్టుకునే ఒక చిన్న గుంపు. అందరూ కలిపినా మా చర్చిలో ఆదివారం కూర్చునే జనమంత ఉండరేమో. వాళ్ళకొక కట్టుబాటు ఉండేదట. బొమ్మ మూలన కట్టినవాళ్ళ పేరులోని రెండక్షరాలు ఉంటాయి, వాటిని ఎవరూ చెరపకూడదు. అడగకుండా ఎవరి బొమ్మా వాడుకోకూడదు. దొంగతనం చేశారంటే ఆ మనిషిని ఇక ఎవరూ పలకరించరు.

ఆమె మా బెల్లం మార్కెట్‌ను కట్టింది. దిమ్మల వరసలు, కాటా, మోయడానికి వంగిన ఒక మనిషి వీపు, అన్నీ అక్షరాలే. ఆ వీపు చూసి ఒక మంచు దేశంలోని లైబ్రరీ ఉద్యోగి, మా ఊళ్ళో రేవు కూలీలు కూడా ఇలాగే వంగుతారు అని రాశాడట. ఆమె ఆ ఉత్తరాన్ని ప్రింటు తీసి నాకు చూపించింది. నేను కళ్ళజోడు సర్దుకుని, అందులో రెండు ఇంగ్లీషు తప్పులు ఉన్నాయని చెప్పాను.

తర్వాత ఆమెకు పుస్తకం ఆలోచన వచ్చింది. ఆ గుంపులో ఎవరెవరు ఉన్నారు, ఏం పని చేసుకుంటారు, ఈ బొమ్మల పిచ్చి ఎలా పట్టింది, టైపు మిషన్ల నాటి నుంచి ఇది ఎలా నడిచి వచ్చింది అని ఒక్కొక్కరినీ అడిగి రాసింది. బొమ్మ బొమ్మకూ అనుమతి అడిగి తెచ్చుకుంది. అచ్చు వేయించే పుస్తకం కాదు, కంప్యూటర్‌లో చదువుకునేది; కావాలన్నవాళ్ళకు మెయిల్లో అమ్ముతానంది. అప్పుడే నా దగ్గరికి వచ్చి, నీ చర్చి బొమ్మ ఇత్తావా అక్కా, మొదటి పేజీలో ఏత్తాను అని అడిగింది. నేనిచ్చిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది. నేను వాళ్ళందరి ముందు వరసలో ఉండాలనీ ఉంది, ఆమె చేతి మీదుగా ఉండకూడదనీ ఉంది. అవన్నీ ఎప్పుడో పారేశానని చెప్పాను. ఆమె రెండోసారి అడగలేదు.

పుస్తకమంతా రాయడానికి ఏడాది పైనే పట్టింది. ఇంగ్లీషులో రాసింది, పాపం, డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని. పూర్తయ్యాక కాగితాల మీద ప్రింటు తీసి, ఒక మధ్యాహ్నం వంటింటి గట్టు మీద పెట్టింది.

"నా ఇంగిలీసు నీకు తెల్సు కదక్కా. ఓసారి సూసి పెట్టు. నువ్వు సూత్తే నాకు బయం ఉండదు."

పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. నిజాయితీగానే మొదలుపెట్టాను, అది మాత్రం చెప్పుకోవాలి. పేజీ పేజీకీ పది పన్నెండు తప్పులు దిద్దుతూ వెళ్ళాను. దిద్దుతూనే నా పేరు కోసం వెతికాను. టైపు బొమ్మల అధ్యాయం వచ్చింది. ఎక్కడెక్కడి టైపిస్టుల పేర్లో ఉన్నాయి. అనకాపల్లి స్టేషన్ రోడ్డు లేదు. చివర్లో తన గురించి రాసుకున్న పేజీలోనూ లేదు. బొమ్మ పారేశానని నేనే చెప్పాను, అడగనిదే ఎవరిదీ ఏదీ వాడని కట్టుబాటు వాళ్ళదని నాకు తెలుసు. అయినా రోషం వచ్చింది.

ఆ చివరి పేజీలోనే ఉంది ఆ మాట. ఇప్పటికీ వాళ్ళ దగ్గర నేర్చుకుంటున్నాను అని రాయబోయి, ఇప్పటికీ అని అర్థమొచ్చే 'స్టిల్' బదులు, దొంగిలించడం అని అర్థమొచ్చే 'స్టీల్' రాసింది. వినడానికి రెండూ దగ్గరదగ్గరగానే ఉంటాయి కదా. దానికి తోడు ఊపిరి ఆగిన చోటల్లా కామా పెట్టే అలవాటు ఆమెది. వెరసి, 'నేను దొంగిలిస్తాను, వాళ్ళ దగ్గర నేర్చుకుంటాను' అని వచ్చింది. ఆ మాట కింద నా పెన్సిల్ ఆనింది. చిన్న చుక్క కూడా పడింది. తర్వాత పెన్సిల్ ఎత్తి కింది వాక్యానికి వెళ్ళిపోయాను.

పుస్తకం అమ్మకానికి వచ్చింది. ఫైలు పెద్దదని మూడు ముక్కలు చేసి పంపేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచి. కొన్న ప్రతి మనిషికీ మొదటి పేజీలో వాళ్ళ పేరు అక్షరాలతో కట్టి మరీ పంపేది. మా అత్తగారికి ఈ వ్యవహారం బోధపడలేదు. ఇన్నాళ్ళు రాసేవు కదే, పుత్తకం ఏదీ అని అడిగితే, ఇందులో ఉందత్తా అని కంప్యూటర్ చూపించింది. ఆవిడ అద్దం మీద చెయ్యి పెట్టి తడిమి, సల్లగా ఉంది అన్నారు. జిల్లా పేజీకి రాసే విలేకరి ఒకాయన వచ్చి ఫోటో కూడా తీశాడు. నేనూ పక్కన నిలబడ్డాను. పేపర్లో ఆమె నవ్వు పడింది, నా భుజం సగం పడింది.

నాలుగైదు రోజులకు ఆ లైబ్రరీ ఉద్యోగి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఆ వాక్యం చూపించి, ఇది తమాషానా, ఒప్పుకోలా అని అడిగాడు. ఇంకొకరెవరో, నా బొమ్మ నీ పుస్తకంలోంచి తీసెయ్ అన్నారు. గుంపులో రెండు రోజులు అదే చర్చట. ఆమె తిండి మానేసి, ఏడుపు మొహంతో సెంటర్లోనే కూర్చుంది. మా మరిది అందరి మీదా విసుక్కున్నాడు. నేను లోపల ఏమనుకున్నానో రాయకపోతే ఈ కథ రాయడం దండగ. సంతోషించాను. ఒక పూటంతా నిజంగా సంతోషించాను.

ఆ సంతోషం మర్నాటికి లేదు. ఆమె ఆ ఒక్క మాటా దిద్ది, కామా తీసేసి, కొన్నవాళ్ళందరికీ క్షమించమని రాసి కొత్త ప్రతి పంపేసింది. పని ఒక గంటలో అయిపోయింది. పదకొండు కాగితాలు చించిన నాకు, అది చూశాక మళ్ళీ అసూయే కలిగింది. తప్పు చేసినా చెరిగిపోయే కాలంలో పుట్టిందని.

ఆ సాయంత్రం ప్రింటు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఇక్కడ నీ పెన్సిల్ ఆగిందక్కా."

చుక్క వైపు చూశాను. "సూడలేదే, చెల్లీ," అన్నాను. రాతలో ఎంత జాగ్రత్తగా ఉన్నా, బెదిరితే నా నోట్లోంచీ ఊరి మాటే వస్తుంది.

ఆమె సరే అని కాగితాలు మడిచి తీసుకెళ్ళిపోయింది. ఇంకేమైనా అని ఉంటే బాగుండేది. పోట్లాడుకునేవాళ్ళం, మా అత్తగారు మధ్యలోకి వచ్చేవారు, ఎవరో ఒకరం ఏడ్చేవాళ్ళం, అక్కడితో తీరిపోయేది.

పది రోజులు తిరిగాక నేనే ట్రంకుపెట్టె తెరిచి, చర్చి బొమ్మ తీసి, కొంగుతో దుమ్ము దులిపి సెంటర్‌కి తీసుకెళ్ళాను. పారేశానన్నది అబద్ధమని చెప్పాను. పెన్సిల్ సంగతి కూడా చెప్పాలనే బయలుదేరాను గానీ, అక్కడ మరిది ఉన్నాడు, ఎవరో కుర్రాడు ప్రింటు కోసం నిలబడ్డాడు, ఆ సంగతి చెప్పకుండానే బొమ్మ ఆమె చేతికిచ్చాను. ఆమె బొమ్మను కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. గోపురం నీడ దగ్గర వేలితో మెల్లిగా తాకింది. నిజంగా మెచ్చుకుంటున్న మనిషి చూపే అది, అందులో నాకు సందేహం లేదు.

"బాగుందక్కా. జాగర్తగా దాసుకో. పుత్తకం అయిపోనాది కదా ఇంక."

ఇంకో పేజీ చేర్చడం ఆమెకు అరగంట పని అని నాకూ తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

తర్వాత సెంటర్ మూతపడింది, వాళ్ళు విశాఖపట్నం మారిపోయారు. ఇప్పటికీ పండుగలకు వస్తుంది, అక్కా అనే పిలుస్తుంది, నాకు మోకాళ్ళ నొప్పి వస్తే మందులు పంపుతుంది. పిల్లల స్కూలుకు రాసే అర్జీ దగ్గర్నుంచి పెళ్ళి శుభలేఖ దాకా ఎన్నో రాసింది ఈ ఇరవై ఏళ్ళలో. ఒక్క కాగితం కూడా మళ్ళీ నా చేతికి దిద్దమని ఇవ్వలేదు.

ఇప్పుడైతే ఆ అవసరం ఎవరికీ లేదనుకోండి. తప్పు రాస్తే ఫోనే కింద ఎర్రగీత గీస్తుంది, మన్నించి తనే దిద్దుతుంది, దాని మనసులో ఏమీ ఉండదు. మంచిదే. కానీ మన కాలంలో ఒకరి రాత ఒకరి చేతికి వచ్చేది. వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టి, నువ్వు చూస్తే నాకు భయం ఉండదని నమ్మి వెళ్ళే మనిషి ఉండేది. ఆ నమ్మకానికి నేను తగినదాన్ని కాకపోయాను. అయినా ఈ నాలుగు పేజీలూ రాసి ముగించాక, ఇందులో తప్పులెవరు చూస్తారని ఆలోచిస్తే, నాకు ఆమె ఒక్కతే గుర్తొస్తోంది.