చిరిగిన పదహారు పేజీలు

పోయిన మంగళవారం పొద్దున మా మామగారు చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, "జర ఒరుగుత బిడ్డా" అని పడుకున్నారు. మళ్లీ లేవలేదు. జహీరాబాద్ బస్టాండు రోడ్డులో అద్దె పుస్తకాల దుకాణం నడిపిన పెద్దమనిషి అంటే ఈ ఊళ్లో సగం మంది గుర్తుపడతారు. మిగతా సగం ఆయన పుస్తకాలు తిరిగి ఇవ్వనివాళ్లు, గుర్తుపట్టినా చెప్పరు.

నేను మొగుడంపల్లి నుంచి కోడలిగా వచ్చేనాటికి ఆ ఇంట్లో గింజల కంటే డిటెక్టివ్ నవలలు ఎక్కువ. దుకాణంలో పట్టనివన్నీ ఇంటికి చేరేవి. "జొన్నలు పెట్టే జాగల గీ పిస్తోళ్ల బొమ్మలేంది?" అని అత్తమ్మ రోజుకోసారైనా అనేది. మామగారు నవ్వి ఊరుకునేవారు. పదో తరగతి చదివిన కోడలు దొరికిందని ఆయనకు మాత్రం లోపల పండగే. ఎందుకో చెబుతాను.

రోజు అద్దె పుస్తకాలకు ఒక రోగం ఉంటుంది. సాయంత్రానికి పుస్తకం పూర్తికాదు, రెండో రోజు అద్దె కట్టడానికి మనసొప్పదు. అందుకని కొందరు మిగిలిన పేజీలు చింపి జేబులో పెట్టుకుని, పుస్తకం మాత్రం బుద్ధిమంతుల్లా తెచ్చి ఇచ్చేవారు. మామగారు ఎవరినీ నిలదీసేవారు కాదు. "ఆకలైనోడు రొట్టె తుంచుకున్నడు, ఏమంటం?" అనేవారు. పోయిన ముగింపును తానే రాసి, మైదా లై పూసి అతికించేవారు. చదివిన పుస్తకమైతే గుర్తున్నంత రాసేవారు, చదవనిదైతే కల్పించేవారు. కానీ ఆయన రాత కోడి గీకినట్టుండేది. నేను వచ్చాక ఆయన చెప్పడం, నేను రాయడం. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎదురెదురుగా కూర్చుని ఎంతమంది హంతకులను పట్టుకున్నామో లెక్కలేదు. పుట్టింటి మీద బెంగ తీరింది ఆ మధ్యాహ్నాల్లోనే.

అట్లా మా చేతికొచ్చిందే ఆ బాక్సర్ నవల. బొంబాయిలో ఒక బాక్సర్, వయసు మీద పడింది. జూదం అడ్డా నడిపే ముఠా అతను ఓడతాడని పందేలు కాస్తుంది. కావాలని ఓడిపోతే ఇంత ఇస్తాం, గెలిస్తే బతకవు అంటారు. అతను బరిలోకి దిగుతాడు. అక్కడితో సరి, చివరి పదహారు పేజీలు లేవు. హైదరాబాద్‌లో పాత పుస్తకాల మోపులో కొన్నప్పుడే లేవు. మామగారూ చదవలేదు.

ఆ పుస్తకం మొదట తీసుకెళ్లింది న్యాల్‌కల్ వైపు నుంచి అంగడికి వచ్చే ఒక పహిల్వాన్. నలభైకి దగ్గర పడ్డ మనిషి, పెదవులు కదుపుతూ మెల్లగా చదివేవాడు. మరుసటి అంగడికి వచ్చి, పుస్తకం బల్ల మీద పెట్టి, "అన్నా, పైసలు తీస్కున్నడా లేదా?" అని అడిగాడు. ఇంకా రాయలేదన్నారు మామగారు. పహిల్వాన్ కదల్లేదు. బల్ల మీదికి వంగి మెల్లగా, "కోహీర్ దిక్కు జాతరల కుస్తీ ఉన్నది. మట్కా నడిపేటోళ్లు వచ్చిన్రు. బీదర్ పోరని చేతుల ఓడిపొమ్మంటున్రు. లేకుంటే కాళ్లు ఉండయంటున్రు. జర తొందరగ రాయున్రి" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు మామగారు అన్నం సరిగా తినలేదు. నేను మాత్రం ఉత్సాహంగా కాగితాలు సర్దుకున్నాను.

"గెలిపిద్దాం మామా! ముఠావాళ్లను పోలీసులకు పట్టిద్దాం."

"నలభై ఏండ్ల మనిషి బిడ్డా. గెలిచిండని రాస్తే పహిల్వాన్ నమ్మడు. పొద్దుగాల ఆయన లేసేది ఆయన మోకాళ్ల మీదనే గద."

"అయితే పైసలు తీసుకొమ్మందామా?"

"రాసేది మనం, ఇరిగేటియి ఆయన కాళ్లు" అన్నారాయన. నాకప్పుడు అర్థమైంది ఆయన భయం. మూడు రోజులు కూర్చున్నాం. మా బాక్సర్ డబ్బు ముట్టడు. ఉన్న బలమంతా పెట్టి కొట్లాడతాడు. ఓడిపోతాడు. ఇంటికి వెళ్లి పెళ్లాం పెట్టిన అన్నం తింటాడు. "కొట్టుడు ఎవడైన రాస్తడు. దెబ్బ తిన్నంక ఇల్లెట్ల జేరిండో రాయాలె" అని అన్నం సంగతి ఆయనే పట్టుబట్టి పెట్టించారు.

బాక్సింగ్‌లో ఎట్లా ఓడతారో మాకిద్దరికీ తెలియదు. చూసిందల్లా జాతర కుస్తీలే. అందుకని బాక్సర్ రెండు భుజాలూ నేలకు ఆనించి, వీపుకు మట్టి అంటించి ఓడించేశాం. తర్వాత మా ఆయన అది చదివి, పడ్డవాడిని పది అంకెలు లెక్కపెట్టి ఓడిస్తారు, అక్కడ మట్టి ఎక్కడిది అని పగలబడి నవ్వాడు. "మన జహీరాబాద్‌ల గిట్లనే ఓడుతరు" అన్నారు మామగారు. పహిల్వాన్‌కు అందులో తప్పేమీ కనబడలేదు. దుకాణం ముందే నిలబడి పదహారు పేజీలూ చదివి, పుస్తకం ఇచ్చి వెళ్లాడు.

జాతరకు మేమందరం వెళ్లాం. నేనూ అత్తమ్మా ఎడ్లబండి మీద నిలబడ్డాం. కొబ్బరికాయ బహుమతికి పట్టే చిన్న కుస్తీలు అయిపోయాయి. చివరిది, వెండి కడియానికి పట్టే కుస్తీ మొదలైంది. మామగారు గుంపు ముందు నిలబడి ఉన్నారు. పహిల్వాన్ ఒళ్లు దాచుకోలేదు. ఒకసారి ఆ బీదర్ కుర్రాడిని మోకాళ్ల మీదికి తెచ్చాడు కూడా. జనం ఈలలు వేశారు. మట్కా మనుషుల మొహాలు మాడిపోయాయి. అంతలో పహిల్వాన్ ఎడమ మోకాలు మడతపడింది. కుర్రాడు తిప్పేశాడు. రెండు భుజాలూ మట్టికి ఆనాయి.

మట్కా మనిషి ఒకడు నవ్వుకుంటూ వచ్చి నోట్లు చేతిలో పెట్టబోయాడు. పహిల్వాన్ చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ మాట మా బండి దాకా వినబడింది.

"మీకోసం ఓడలే. నాకంటె వాడు గట్టోడు, ఓడిన."

మట్కా మనిషి భుజాలు ఎగరేసి వెళ్లిపోయాడు. వాళ్లకు కావలసింది వాళ్లకు దొరికింది, ఇక ఈయన కాళ్లతో వాళ్లకు పనిలేదు. మామగారు అప్పుడు గుంపును తోసుకుంటూ లోపలికి వెళ్లారు. భుజం మీది తువ్వాల తీసి పహిల్వాన్ వీపు మీది ఎర్రమట్టి తుడవబోయారు. ఓడినవాళ్లెవరూ ఆ మట్టిని ఎక్కువసేపు ఉంచుకోరు. పహిల్వాన్ ఆయన చేయి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ అన్నా. కష్టపడి తెచ్చుకున్న."

మావైపు నడిచి వచ్చారు ఇద్దరూ. ముందు పహిల్వాన్, చొక్కా లేకుండా, వీపు నిండా మట్టితో, ఆకలైతున్నదని అందరికీ వినబడేటట్టు చెబుతూ. వెనక మా మామగారు, మట్టి అంటని ఆ తువ్వాలతో తన కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ.