మూడు కంప్యూటర్లకు ఒకే ఫ్యూజు

ఎనభైలలో నేను సర్కారు స్కాలర్‌షిప్‌తో కంప్యూటర్లపై పీహెచ్‌డీ చేసేవాణ్ణి. ఒక కంప్యూటర్ ఆగిపోతే మిగతావి దాని పని అందుకోవాలి. అదే నా పరిశోధన. జహీరాబాద్ దగ్గర చెరకు బండ్లను తూచే ఒక కాటాలో, తూకాలు లెక్కగట్టడానికి మూడు కంప్యూటర్లను పెట్టాను. స్కాలర్‌షిప్ కొనసాగించాలో వద్దో తేల్చడానికి ఢిల్లీ అధికారి వచ్చాడు. నేను దర్జాగా ఒకదాని వైరు పీకాను. మిగతా రెండూ క్షణంలో పని అందుకున్నాయి. కోహీర్ నుంచి చెరకు తెచ్చిన రైతులు చప్పట్లు కొట్టారు.

ఇన్నేళ్లుగా ఇలాగే చెబుతున్నాను. అబద్ధం. వైరు పీకగానే నిప్పురవ్వ లేచి మూడూ ఆగిపోయాయి. చెరకు బండ్లు బారులు తీరాయి.

కాటా గుమాస్తా సంగప్ప కాగితం, పెన్సిల్ తీశాడు. "సారూ, మూడిటికి ఒక్కటే ఫ్యూజు పెట్టిన్రు. అది పోతే మూడు పోవా? ఫికర్ జేయకుండ్రి, తూకం నేను రాస్త" అన్నాడు.

"ఏం నేర్చుకున్నావ్?" అని అధికారి అడిగాడు. సంగప్ప మాటనే ఇంగ్లీషులో నా మాటగా చెప్పాను. స్కాలర్‌షిప్ దక్కింది. ఇంగ్లీషు రాని సంగప్ప నేను గట్టెక్కానని సంబరపడి చాయ్ తెప్పించాడు.

నా థీసిస్ కృతజ్ఞతల్లో హాస్టల్ వంటమనిషి పేరు కూడా ఉంది, సంగప్ప పేరు లేదు. ఇప్పుడు ఇక్కడ రాశాను. చూడడానికి ఆయన లేడు.