బంకేసి అతికించిన డిస్కు

వికారాబాద్‌లో నాకొక చిన్న కంప్యూటర్ దుకాణం ఉంది. బోర్డు మీద రిపేరింగ్ అని రాసి ఉన్నా నా అసలు పని వేరు. చుట్టుపక్కల మిల్లుల్లో, ఆఫీసుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలుపుతాను, వాటిలోకి దొంగలు దూరకుండా చూస్తాను. మొదటి పనికి అందరూ మెచ్చుకుంటారు. రెండోదాని గురించి నోరెత్తితే "మా దగ్గరేమున్నదని వస్తరు మేడం?" అని నవ్వుతారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

తాండూరులో ఒక రాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో ఆ నవ్వు మరీ ఎక్కువగా విన్నాను. దాని యజమానికి అరవై దాటాయి. బండను వేలితో కొట్టి, చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పగల మనిషి. ఆయన ఆఫీసులో మూడు కంప్యూటర్లుండేవి. వాటి పాస్‌వర్డును గుమస్తా తలుపు పక్కనున్న బండ మీద పసుపు రంగుతో రాసి పెట్టాడు. అక్కడ ఏ కొలతైనా, ఏ గుర్తైనా రాతి మీద రాయడమే అలవాటు. నేను అరిచి గోల చేసి దాన్ని చెరిపించాను.

తర్వాత వాళ్లకొక డిస్కు ఇచ్చాను. "ఫైళ్లన్నీ ఇందులోకి కాపీ చేసి, వెంటనే వైరు పీకి బీరువాలో పెట్టండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. వారం తర్వాత వెళ్లి చూస్తే డిస్కు బల్లకు అతుక్కుపోయి ఉంది. పలకల్లో పగుళ్లు పూడ్చే బంక ఉంటుంది కదా, వైరు పెట్టింది పెట్టినట్టే ఉంచి, ఆ బంకతో అతికించేశారు.

"ఇగ ఎవ్వడు ఎత్కపోతడు బిడ్డా? సుత్తెతోని కొట్టినా ఊడదు" అన్నాడు యజమాని, మీసం మీద చెయ్యేసి.

"ఎత్కపోయెటోడు తలుపులకెల్లి రాడు సేట్, వైరులకెల్లి వస్తడు. కంప్యూటర్ల పడ్డ రోగం గా డిస్కుల గూడ పడ్తది."

"నువ్వు ఉట్టిగ ఫికర్ జేస్తవ్."

కోపంతో బయటికొచ్చి బస్సెక్కాను. మోమిన్‌పేట దగ్గర మా ఊళ్లో మా నాన్న గొర్రెలు కాసేవాడు. ఎన్ని గొర్రెలున్నా అన్నింటినీ ఒక్క దొడ్లో ఉంచేవాడు కాదు. కొన్నింటిని మా మేనత్త ఊరికి తోలి ఆమె మందలో కలిపేవాడు. ఒకసారి రోగమొచ్చి మా దొడ్డి సగం ఖాళీ అయిన ఏడాది, మేనత్త దగ్గరున్న గొర్రెలే మా ఇంటిని నిలబెట్టాయి. బస్సులో అది గుర్తొచ్చింది. ఈ మొండి మనిషితో ఇక వాదించేది లేదని తీర్మానించుకున్నాను.

మరుసటి శనివారం నుంచి ఇంకో డిస్కు నేనే తీసుకెళ్లడం మొదలుపెట్టాను. ఫైళ్లు కాపీ చేసుకుని, రెండు మూడు తెరిచి చూసుకుని, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని వికారాబాద్ తెచ్చుకునేదాన్ని. నన్ను చూడగానే పనివాళ్లు "డబ్బా మేడం వచ్చింది" అనేవాళ్లు. యజమాని కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. నవ్వితే నవ్వారు, నేను మాత్రం ఒక్క శనివారం కూడా మానలేదు.

ఆ రోజుల్లోనే యూనిట్‌కు బెంగళూరులో కడుతున్న ఒక పెద్ద దవాఖానకు నేల రాళ్లు కోసే పని వచ్చింది. అంత పెద్ద పని ఆయన అంతకుముందు పట్టలేదు. ఒక్కో గదికి ఒక్కో కొలత, ఒక్కో రాయికి ఒక్కో నంబరు. రాయి మీద సుద్దతో నంబరు మాత్రమే రాసేవాళ్లు. ఆ నంబరు ఏ గదిలో ఏ వరసలో పరచాలో కంప్యూటర్లోని ఫైల్లో ఉండేది. దాన్ని ఎక్కించడానికి గుమస్తాకు రెండు నెలలు పట్టింది.

గురువారం లారీలు బయల్దేరాలి. మంగళవారం పొద్దున గుమస్తా ఫోన్ చేశాడు.

"మేడం, జర జల్ది రాండ్రి. లారీ కిరాయి బిల్లని మెయిలొస్తే తెరిచిన. అన్ని ఫైళ్లకు తాళం పడ్డది. పైసలు కడితెనే తీస్తరట."

"ముందుగాల ఇంటర్నెట్ వైరు పీకు. మూడు కంప్యూటర్లను విడదియ్యి. ఇంకేం ముట్టకు" అని చెప్పి, నా లాప్‌టాప్, డిస్కు సంచిలో వేసుకుని రైలెక్కాను.

వెళ్లేసరికి మిషన్లు ఆగి ఉన్నాయి. బల్లకు అతికించిన డిస్కులోని ఫైళ్లకు కూడా తాళం పడింది. యజమాని బయట రాళ్ల దొంతర మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నీ కోసి పెట్టిన బిడ్డా. ఏది యాడ పోవాల్నో ఇగ ఎవ్వనికీ తెల్వది. గివన్నీ ఉట్టి రాళ్లే. గా పైసలు కట్టేద్దామా?"

దారి పొడుగునా ఆయన్ను కడిగేయాలని మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆ మొహం చూశాక అవన్నీ పక్కన పెట్టి, ఆయన పక్కనే కూర్చున్నాను.

"కడితే తీస్తడని ఏం నమ్మకం సేట్? ఒక్క పూట ఆగుండ్రి" అన్నాను.

రోగం పట్టిన కంప్యూటర్లకు నా డిస్కు తగిలిస్తే అది కూడా పోతుంది. అందుకే నా లాప్‌టాప్‌కే పెట్టాను. కొలతలున్న ఫైలు మీద నొక్కాను. ఫైలు తెరుచుకుంది. గదులు, వరసలు, నంబర్లు, శనివారం దాకా ఎక్కించినవన్నీ ఉన్నాయి. "ఉన్నయ్ సేట్! ఉన్నయ్!" అని నేను వేసిన కేక యార్డు చివరిదాకా వినిపించిందట. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

సోమవారం ఎక్కించిన నాలుగు గదులు మాత్రం లేవు. బెంగళూరులో ఆ రాళ్లు పరిచే మేస్త్రీ ఫోన్లో కొలతలు మళ్లీ చెబుతుంటే, యజమాని తానే టేపు పట్టుకుని రాయి రాయికీ సరిచూశాడు. ఆ లోపు నేను మూడు కంప్యూటర్లనూ తుడిచేసి, అన్నీ కొత్తగా ఎక్కించి, పాస్‌వర్డులన్నీ మార్చాను. కొలతలున్న కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేకుండా చేశాను. బుధవారం సాయంత్రానికి ఆయన ఉలి తెచ్చి, బల్ల చెక్క పెచ్చులూడేలా కొట్టి, పాత డిస్కును తన చేత్తోనే పీకేశాడు. పనివాళ్లంతా చప్పట్లు కొట్టారు. గురువారం అనుకున్న వేళకే లారీలు కదిలాయి.

పక్క యూనిట్ల వాళ్లు ఒక్కొక్కరే నన్ను పిలవడం మొదలుపెట్టారు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడినవాళ్లు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, నేను చెప్పింది రాసుకున్నారు. నాకు గర్వంగానే ఉండింది, దాచుకోవడమెందుకు?

కొన్నాళ్లకు నేను యూనిట్‌లో ఉండగా బెంగళూరు నుంచి మేస్త్రీ ఫోన్ చేశాడు. యజమాని కన్నడంలో చాలాసేపు మాట్లాడాడు. వింటూ వింటూ కళ్లు తుడుచుకున్నాడు. మధ్యమధ్యలో ఆయన నాకు చెప్పినదాన్ని బట్టి, దవాఖాన నేలంతా పరిచారట. ఒక్క రాయి కూడా తప్పు గదికి పోలేదట. మేస్త్రీ ఆయన్ను మెచ్చుకుంటున్నాడని అర్థమైంది. యజమాని నా వైపు చూసి, మేస్త్రీకి కూడా వచ్చిన తెలుగులోకి దిగి, ఫోన్లో గట్టిగా అన్నాడు.

"కోసింది నేను. గా రాళ్లకు జాగ చూపిచ్చినామె ఈడ్నే ఉన్నది. గా ముచ్చట ఆమెకే చెప్పు."

అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.